గట్టిమేళంలో మా ఊపిరి

కోస్తా ఆంధ్రలో హిందువుల పెళ్లి చూసిన వాళ్లందరికీ ఆ క్షణం తెలుసు. పురోహితుడు చెయ్యెత్తి సైగ చేస్తాడు. అప్పటిదాకా నింపాదిగా నడుస్తున్న సన్నాయి, డోలు ఒక్కసారిగా ఉరుముతాయి. గట్టిమేళం! ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి అపశకునపు మాటా పెళ్లిపీటల మీదికి చేరకుండా ఆ హోరు పందిరంతా కమ్మేస్తుంది. ఆ హోరులోనే తాళి కడతారు. అక్షింతలు పడతాయి. గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో తరతరాలుగా ఆ సన్నాయిలోకి ఊపిరి పోసిన వాళ్లలో ఎంతోమంది సాయిబులు. ఇంట్లో ఫజర్ నమాజు చదువుకుని, పందిట్లోకి వచ్చి ముహూర్తానికి సన్నాయి అందుకున్న వాళ్లు.

వీళ్ల గురించి రెండు మాటలు వింటూ ఉంటాం. ఒకటి: ముస్లిం అయి ఉండి కూడా ఎంత బాగా వాయించాడో! రెండోది: ముసల్మాన్ అయి ఉండి గుళ్లో వాయించడమేంటి? మొదటిది మెచ్చుకోలు. రెండోది మందలింపు. మొదటిది వేదిక మీద శాలువా కప్పేటప్పుడు వినిపిస్తుంది, రెండోది మన వీధి చివర అరుగు మీద వినిపిస్తుంది. రెండింట్లోనూ ఆ 'అయి ఉండి' మాత్రం ఒకటే. మెచ్చుకునేవాడికీ, మందలించేవాడికీ కూడా ఆ కళాకారుడు ఉండాల్సిన చోట లేడు, ఎక్కడి నుంచో దారితప్పి వచ్చాడు. నా పేచీ ఈ 'అయి ఉండి'తోనే. ఎందుకంటే చరిత్ర చూస్తే అతను ఎక్కడి నుంచీ రాలేదు. మొదటి నుంచీ అక్కడే ఉన్నాడు.

ఈ నేల మీద సంగీతం ఎక్కువగా బతికింది ఆరుబయటే. సభలు, టిక్కెట్లు, వరస కుర్చీలు పట్నం సంగతి. పల్లెటూళ్లో కచేరీ అంటే శ్రీరామనవమి చలువ పందిరి. గుడి ముందు ఖాళీ జాగా. పెళ్లివారి ఊరేగింపు ఆగిన నాలుగు రోడ్ల కూడలి. కోటప్పకొండ తిరునాళ్ల లాంటి జాతర. చాపలు, గోనెపట్టాలు, దుప్పట్లు చంకన పెట్టుకుని ఇంటిల్లిపాదీ కదిలేవాళ్లు. ముసలివాళ్లు ముందు, ఆడవాళ్లు ఓ పక్కన, పిల్లలు ఎవరి ఒళ్లో పడితే వాళ్ల ఒళ్లో. నిద్ర వచ్చిన పిల్ల నిద్రపోయేది, మెలకువ వచ్చాక మళ్లీ వినేది. ఒక రాగం వింటూ నిద్రపోయి ఇంకో రాగానికి లేచిన పిల్లలకు సంగీతం ఎవరూ నేర్పక్కర్లేదు, చెవికి అలవాటైపోతుంది.

ఆరుబయట అన్నంత మాత్రాన అందరూ ఒకచోట కూర్చుని విన్నారని బుకాయించనక్కర్లేదు. మాలపల్లె, మాదిగపల్లె జనం ఎంత దూరంలో నిలబడి విన్నారో ఆ పల్లెల వాళ్లకు తెలుసు. కచేరీ చేసిన మేళగాళ్లకు విస్తరి ఎక్కడ వేశారో, ఎప్పుడు వేశారో మేళగాళ్లకు తెలుసు. కానీ శబ్దానికి గోడలు లేవు. గుడి ముందు ఊదిన సన్నాయి ఊరవతలికీ వినిపించింది. పట్నం సభలోని వీణ ఆ పని చెయ్యలేదు.

నాదస్వరం పుట్టిందే ఆరుబయట కోసం. గదిలో వింటే చెవులు గింగిర్లెత్తుతాయి. ఆచ్చా కర్రతో తొలిచిన పొడవాటి గొట్టం, వేళ్లు ఆడటానికి ఏడు రంధ్రాలు, పైన నోటికి అందే చోట రెల్లుజాతి గడ్డితో చేసిన పీక. అంతే. హార్మోనియంలో మెట్టు నొక్కితే స్వరం పలుకుతుంది. ఇక్కడ రంధ్రం మూస్తే సరిపోదు. సగం మూయాలి, పావు తెరవాలి, పెదవి బిగించాలి, ఊపిరి తగ్గించాలి, పెంచాలి. గమకమంతా ఊపిరిలోనే ఉంది. మైకు లేని రోజుల్లో ఊరి చివరి ఇంటికి వినిపించేలా ఆ పని గంటల తరబడి చెయ్యాలి. వెనకటి పొట్టి నాదస్వరాన్ని తిమిరి అంటారు, దాని శ్రుతి హెచ్చు. దాని బదులు పొడవైన, గంభీరమైన శ్రుతి ఉన్న బారీ నాదస్వరాన్ని కచేరీలకు స్థిరపరిచిన వాడు తంజావూరు సీమకు చెందిన టి.ఎన్. రాజరత్నం పిళ్లై (1898-1956). ఆయన పేరు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

సన్నాయి అనే మాటను కూడా ఒకసారి పట్టి చూడండి. మన సన్నాయి, ఉత్తరాది షహనాయి, పారసీక సుర్నా ఒకే ఇంటి పిల్లలు. కోటల మీద, దర్వాజాల మీద నగారాతో పాటు మోగిన నౌబత్‌లో ఈ వాద్యం ఉంది. గుళ్లలో సుప్రభాత సేవలోనూ దాని చుట్టమే ఉంది. దేవుడి గుడి ముందు సాయిబు సన్నాయి ఊదుతున్నాడని ఆశ్చర్యపోయేవాళ్లు సన్నాయి అన్న పేరు ఎన్ని దేశాలు తిరిగి వచ్చిందో ఆలోచించరు. పేరుకు లేని అంటు మనిషికి ఎందుకు వచ్చింది?

ఇక మనుషుల దగ్గరికి వద్దాం.

కోస్తాలో నాదస్వరం పట్టిన ముస్లిం కుటుంబాల్లో ఎక్కువమంది దూదేకులవాళ్లు. నూర్‌బాషాలు అంటారు, పింజారీలు అంటారు. వింటినారిలాంటి తీగను కొయ్యగుండుతో మీటుతూ దూది ఏకడం వీళ్ల కులవృత్తి. వీధిలో దూదేకులాయన వచ్చాడంటే ముందు ఆ తీగ 'టుంయ్' మన్న మోత వినిపించేది. పరుపులు కుట్టే మిషన్లు, మిల్లులు వచ్చాక ఆ మోత పోయింది. వీళ్లలో చాలామందికి ఇంటిభాష తెలుగు. పేర్లలో మస్తాన్‌లు, మౌలాలులు, కాశింలు. ఇంట్లో పీరుకు ఫాతెహా ఇస్తారు, ఊళ్లో తిరునాళ్లకు వెళ్తారు.

వీళ్ల మీద తెలుగులో ఒక సామెత ఉంది. తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా అని. అంటే అసలువాడు దొరక్కపోతే నకిలీతో సరిపెట్టుకోవడమన్నమాట. ఈ సామెతలో దూదేకులవాడు తురకా కాడు, హిందువూ కాడు. ఈ మాటను హిందువులే కాదు, ఉర్దూ మాట్లాడే మన సయ్యదులు, పఠాన్‌లు కూడా నవ్వుతూ వాడారు. మనలో కులం లేదంటూనే అష్రాఫ్, అజ్లాఫ్ అని మనుషుల్ని తూచిన వాళ్లం మనమే కదా. ప్రభుత్వ జాబితాలోనూ దూదేకులది బీసీ-బి గది. మిగతా వెనకబడిన ముస్లిం వర్గాలకు 2007లో బీసీ-ఇ పేరుతో నాలుగు శాతంతో ఇంకో గది కట్టారు. ఒకే ఈద్‌గాలో నమాజు, రెండు గదుల్లో హాజరు.

ఇలా రెండు వైపులా గుమ్మం బయట నిలబెట్టిన మనుషులే తెలుగు నేలకు ఆరుబయట కచేరీని తీర్చిదిద్దిన వాళ్లలో ముందు వరసలో ఉన్నారు. ఇది యాదృచ్ఛికం కాదనుకుంటాను. గుమ్మం బయట ఉన్నవాడికే ఆరుబయలు దక్కుతుంది.

ఈ కుటుంబాల్లో సంగీతం బడిలో నేర్చుకునే చదువు కాదు. తండ్రి, బాబాయి, మేనమామ, పెద్దన్న... వీళ్లే ఉస్తాదులు. పిల్లవాడి చేతికి మొదట శ్రుతి పట్టే పని ఇస్తారు. పెద్దవాళ్లు రాగం ఆలాపన చేస్తుంటే ఒకే స్వరాన్ని పట్టుకుని కదలకుండా ఊదుతూ ఉండాలి. ఏళ్లు గడిచాక రెండో నాదస్వరం. ఆ తర్వాతే స్వతంత్రం. తెల్లవారుజామున సాధకం. ఉత్తరాదివాళ్లు దీన్నే రియాజ్ అంటారు. సంబంధాలు కూడా మేళం ఉన్న ఇళ్ల మధ్యే కుదిరేవి. పెళ్లికూతురితో పాటు కొన్ని కీర్తనలు, ఒక బాణీ ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి వచ్చేవి. మేళం అంటే ఒక ఖాన్‌దాన్. ఒక కచేరీ అంటే ఆ ఖాన్‌దాన్ అంతా ఎక్కే వేదిక.

చిలకలూరిపేట పేరు ఇందులో ముందు చెప్పుకోవాలి. అక్కడి షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్న వాళ్లలో ఒకరు షేక్ చిన మౌలానా గారు. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. మొదటి గురువు తండ్రి కాశిం సాహెబ్. తర్వాత ఆదం సాహెబ్. అక్కడితో ఆగలేదు. రాజరత్నం పిళ్లై నాదస్వరం ఆయన్ని పట్టుకుంది. ఆ తంజావూరు బాణీ కావాలని వెతుక్కుంటూ తమిళదేశం వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైక్కన్నుల దగ్గర శిష్యరికం చేశారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి శిష్యుల్ని తయారుచేశారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆ బిరుదు గాత్రం పాడేవాళ్లకు వచ్చినంత తరచుగా నాదస్వరం వాయించేవాళ్లకు రాదు. 1999 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. మనవలు కాశిం, బాబులు ఆ నాదస్వరాన్ని అందుకున్నారు.

ఈ జీవితాన్ని చెప్పేటప్పుడు అందరూ ఒకే దగ్గర ఆగుతారు. ముస్లిం అయి ఉండి రంగనాథుడి ఊళ్లో... అని. నేను ఇంకో దగ్గర ఆగుతాను. తంజావూరు బాణీ నాదస్వరంలో పలికే కీర్తనల్లో త్యాగరాజువి ఎన్నో. అవి తెలుగు కీర్తనలు. తమిళ విద్వాంసుల్లో చాలామంది ఆ సాహిత్యాన్ని తమ లిపిలో రాసుకుని, అర్థం అడిగి తెలుసుకుని వాయించినవాళ్లే. వాళ్ల మధ్యలో కూర్చున్న ఈ సాయిబుకు మాత్రం అది పుట్టిన నేల మాట. పదం ఎక్కడ విరగాలో, ఎక్కడ ఊపిరి తీసుకుంటే అర్థం చెడదో ఆ భాషలో పెరిగిన చెవికి వేరే చెప్పాలా? మతం లెక్కన చూస్తే ఆయన అక్కడ అతిథిలా కనిపిస్తాడు. భాష లెక్కన చూడండి, ఆయన ఇంటివాడు. మిగతావాళ్లే అతిథులు. ఏ లెక్క ముందు వెయ్యాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతుల్లో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఇంకో సంగతి కూడా ఉంది. కరవది బిడ్డకు అంతటి గౌరవం దక్కడానికి కావేరి దాకా వెళ్లాల్సి వచ్చింది. తెలుగువాళ్లం సన్నాయిని పెళ్లికీ, పల్లకీకీ పిలిచాం. అరుగు మీద కూర్చోబెట్టి విద్వాంసుడన్నది తక్కువ. నాదస్వరం వాయించేవాడిని విద్వాంసుడిగా గౌరవించాలని తమిళదేశంలో రాజరత్నం పిళ్లై పట్టుబట్టి సాధించుకున్నాడు. ఇక్కడ ఆ పట్టు పట్టే బలం పేద దూదేకుల మేళానికి, పేద మంగలి మేళానికి ఎక్కడిది? అవును, మంగలి మేళం కూడా. సన్నాయి ఈ నేల మీద నాయీబ్రాహ్మణుల వృత్తి. దూదేకుల సన్నాయి, మంగలి సన్నాయి ఒకే కూడలిలో పోటీపడ్డాయి, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నాయి, విస్తరి దగ్గర ఒకే రకం అవమానం పంచుకున్నాయి. మత సామరస్యం అని మనం పైనుంచి చూసి పెట్టిన పేరుకు కింద ఉన్నది ఇదీ: రెండు చేతివృత్తుల కులాలు ఒకే పని చేసి బతకడం.

కరవది నుంచి ఉత్తరంగా చిలకలూరిపేట మీదుగా గుంటూరు దాటితే తాడికొండ పక్కన పొన్నెకల్లు. 1920లో ఆ ఊళ్లో దూదేకుల ఇంట పుట్టాడు షేక్ నాజర్. చిన మౌలానాకు నాలుగేళ్లు పెద్ద. ఆయన ఆరుబయలు వేరు, వాద్యం వేరు. భుజం మీద తంబూరా, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, ఇరుపక్కలా గుమ్మెటలతో వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలితో కలిసి నాజర్ బుర్రకథను తిరునాళ్ల వినోదం స్థాయి నుంచి పైకి తీసుకెళ్లి వేలమందిని రాత్రంతా కూర్చోబెట్టే రాజకీయ పాఠశాల చేశాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు... తెలుగువాడి వీరగాథలను తెలుగువాడికి మళ్లీ చెప్పినవాడు పింజారి సాయిబు. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలో ఆయన బుర్రకథ ఉంది. 1986లో పద్మశ్రీ. 1997లో మరణం.

ఆ కచేరీలకు కూడా ఇంటిల్లిపాదీ వచ్చింది. గోనెపట్టాలు అవే, ఒళ్లో పిల్లలు అవే. తేడా ఏమిటంటే నాదస్వరం విన్న జనం భక్తితో కళ్లు మూసుకున్నారు, నాజర్‌ను విన్న జనం కళ్లు తెరిచారు.

నాజర్ తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'పింజారి'. సామెతలో తిట్టుగా వాడిన కులం పేరును పుస్తకం అట్ట మీదికి ఎక్కించడం చిన్న సంగతి కాదు. పద్మశ్రీ అని పెట్టుకోలేదు, బుర్రకథ పితామహుడు అని పెట్టుకోలేదు. నన్ను ఎవరనుకుంటున్నారో ఆ పేరుతోనే నా మాట వినండి అన్నట్టు పెట్టుకున్నాడు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చాక తెలుగులో ముస్లిం తన పేరుతో తాను మాట్లాడటం మొదలైందంటాం. ఆ మాట నిజం. నాజర్ అట్ట మీద రాసుకున్న ఆ మూడక్షరాలు కూడా ఆ చరిత్రలో ఒక పేజీయే.

మేళంలో ఆడపిల్ల సంగతి వేరే చెప్పాలి. ఇల్లంతా సంగీతం ఉన్నా సన్నాయి మగవాడి చేతిలోనే ఉండేది. ఆడపిల్ల వినేది, గుర్తుపెట్టుకునేది, పిల్లవాడు తప్పు వాయిస్తే వంటింట్లోంచి సరిదిద్దేది. వేదిక మాత్రం ఎక్కేది కాదు. కాలీషాబీ గారు ఎక్కారు. భర్త షేక్ మహబూబ్ సుభానీతో కలిసి, భుజం భుజం కలిపి కూర్చుని నాదస్వరం వాయించారు. ఇద్దరూ నాదస్వరం ఇళ్లలో పుట్టినవాళ్లే, ఇద్దరూ చిన మౌలానా గారి శిష్యులు, ఇద్దరూ ఆయన దారిలోనే శ్రీరంగంలో స్థిరపడ్డారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ఇచ్చారు. జాబితాలో రాష్ట్రం తమిళనాడు అని ఉంది. అది న్యాయమే, వాళ్లకు చోటిచ్చింది ఆ రాష్ట్రం. నేను గమనించమనేది ఇంకొకటి. బురఖా గురించి, తలాక్ గురించి ముస్లిం స్త్రీని టీవీల్లో రోజంతా చర్చకు పెట్టే దేశంలో, మూడు గంటలు ఊపిరి బిగబట్టి రాగం పలికించే ఈ ముస్లిం స్త్రీ ఏ చర్చలోనూ ఉదాహరణగా రాదు. బాధితురాలిగా తప్ప మన ఆడవాళ్లను చూడటం రాని కళ్లకు ఆమె కనబడదు.

2022లో మరణానంతరం పద్మశ్రీ ఇచ్చిన గోసవీడు షేక్ హసన్ సాహెబ్ గారిదీ ఇదే కోవ. అప్పటి కృష్ణా జిల్లా గంపలగూడెం మండలం ఊరి నుంచి వెళ్లి భద్రాచలం రాముడి గుళ్లో నాదస్వరం వాయించిన విద్వాంసుడు ఆయన. భద్రాచలం అనగానే మనకు తానీషా గుర్తొస్తాడు. కంచర్ల గోపన్నను చెరసాలలో పెట్టిన నవాబు, తర్వాత తలంబ్రాలకు ముత్యాలు పంపిన నవాబు. రాజు పంపిన ముత్యాలను మూడు వందల ఏళ్లు దాటినా చెప్పుకుంటాం. ఆ కల్యాణంలో గంటల తరబడి ఊపిరి పోసిన సాయిబు పేరు మాత్రం బతికుండగా ఎంతమందికి తెలుసు? చరిత్రలో నవాబు ముస్లిం కనబడతాడు, కూలి ముస్లిం కనబడడు. మనల్ని ద్వేషించేవాళ్లకూ నవాబే కావాలి, ప్రేమించేవాళ్లకూ నవాబే కావాలి.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరిగిందనుకోవద్దు. మొహర్రంలో పీర్లు లేచినప్పుడు ముందు డప్పు కొట్టేది మాదిగలు. అలావా చుట్టూ ఆడేది అన్ని కులాల వాళ్లు. హైదరాబాదులో ఉర్దూ గజల్‌కు దశాబ్దాలపాటు గొంతుగా నిలిచినవాడు విఠల్‌రావు. నిజాం దర్బారు చూసిన గాయకుడు, 2015లో పోయాడు. ఆయన్ని పరిచయం చేసేటప్పుడు 'హిందువై ఉండి కూడా' అన్నమాట నేను విన్న ఏ మెహఫిల్‌లోనూ వినలేదు. ఉస్తాద్ అన్నారు, అంతే. గజల్ ఆయనది కాదని ఎవరికీ తోచలేదు. మరి త్యాగరాజ కీర్తన చిన మౌలానాది అనడానికి ఎందుకు ఇంత తటపటాయింపు?

ఉర్దూ చదివేవాళ్లకు ఒక మాట. మన పత్రికల్లో, మన జల్సాల్లో తహజీబ్ అంటే ముషాయిరా, కవ్వాలీ, గజల్. దర్గా ఉర్సులో ఆరుబయట రాత్రంతా సాగే కవ్వాలీ మనదే. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీని తల్చుకుని కళ్లు చెమర్చుకోవడం న్యాయమే. కానీ ముస్లింల సంగీతం అక్కడితో అయిపోతుందా? కరవది, చిలకలూరిపేట, పొన్నెకల్లు మన తహజీబ్ నక్షాలో ఎక్కడున్నాయి? ఉర్దూ రానంత మాత్రాన ముసల్మాను సగం ముసల్మాను అయితే, ఈ దేశంలో తమిళం, మలయాళం, బెంగాలీ మాట్లాడే కోట్లాది ముస్లింల మాటేమిటి?

సంగీతం హరామా, హలాలా అనే బహస్ పాతది. చిష్తీ సూఫీలు సమా విన్నారు, ఉలేమాలో ఎందరో కాదన్నారు. ఆ బహస్ పండితులు చేసుకోనీ. కానీ ఆ తీర్పు ఎవరి మీద అమలవుతున్నదో చూడండి. సినిమాపాటలు వినే షావుకారును ఎవరూ ఆపరు. ఫంక్షన్‌హాల్‌లో డీజే పెట్టిన పెద్దమనిషిని ఎవరూ నిలదీయరు. పొద్దున్నే గుడి ముందు సన్నాయి ఊది పిల్లల రోజీరోటీ సంపాదించుకునే బీదవాణ్ణి మాత్రం నీ ఈమాన్ ఏమైందని అడుగుతారు. అతని కొడుకు సిగ్గుపడి నాదస్వరం అటక మీద పెట్టి ఆటో కొనుక్కుంటాడు. బిస్మిల్లా ఖాన్ సాహెబ్ మొహర్రంలో షహనాయి మీద నోహా పలికిస్తూ కన్నీళ్లతో నడిచాడు, కాశీ విశ్వనాథుడి గుడితో ఆయన ఖాన్‌దాన్‌కు సేవాబంధం ఉంది. 2001లో భారతరత్న వచ్చింది కాబట్టి ఆయన ఈమాన్‌ను ఎవరూ అడగలేదు. పెద్దవాడికి మినహాయింపు, చిన్నవాడికి ఫత్వా!

రెండోవైపు ఇంకా ప్రమాదకరంగా ఉంది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆలయాల దుకాణాల వేలంలో హిందూయేతరులు పాల్గొనకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఏళ్ల తరబడి శ్రీశైలంలో కొట్లు పెట్టుకుని బతుకుతున్న ముస్లింలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. మతం పేరు చెప్పి దుకాణాల నుంచి తప్పించకూడదని 2021 డిసెంబరులో కోర్టు చెప్పింది. 2022 మార్చిలో కర్ణాటక తీరంలో కొన్ని గుళ్ల జాతరల్లో ముస్లింలను అంగళ్లు పెట్టనివ్వలేదు. కొబ్బరికాయలు, గాజులు అమ్ముకునేవాడికే చోటు లేదంటే, సన్నాయి వాయించేవాడికి ఎన్నాళ్లుంటుంది? జాతర అంటేనే ఆరుబయలు. ఆరుబయలుకు గుమ్మం కట్టి, గుమ్మం దగ్గర పేరు అడగటం మొదలుపెడితే అది జాతర కాదు.

అప్పుడు 'అయి ఉండి కూడా' అన్న మెచ్చుకోలు మనల్ని కాపాడదు. అది మినహాయింపును మెచ్చుకునే మాట. మినహాయింపు దయ మీద నడుస్తుంది, దయను ఏ పొద్దున్నయినా వెనక్కి తీసుకోవచ్చు. మాకు కావలసింది దయ కాదు, ఖాతా. ఈ సంగీతంలో మా వాటా ఇంత అని రాసిన ఖాతా. దూదేకుల నాదస్వర కుటుంబాలు ఏ ఊళ్లలో ఉన్నాయి, ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారు, ఏ బాణీ ఏ ఇంట్లో మిగిలింది... బతికున్న పెద్దవాళ్ల నోట విని రాసుకోవడానికి ఇంకా కొంత సమయం ఉంది. హిందూ పత్రికలు రాస్తే సామరస్యం అని రాస్తాయి, ఉర్దూ పత్రికలకు అది తమ వార్త అనిపించదు. కాబట్టి మనమే రాయాలి. పొగడ్త అక్కర్లేదు. ఊరి పేరు, మనిషి పేరు, గురువు పేరు, మేళంలో ఎందరు, ఒక ముహూర్తానికి ఎంత ఇచ్చారు, విస్తరి ఎక్కడ వేశారు. ఇలా రాస్తే చాలు.

రాయకపోతే ఏమవుతుందో కనబడుతూనే ఉంది. ఊరేగింపులు తగ్గి పెళ్లిళ్లు ఫంక్షన్‌హాళ్లలోకి వెళ్లాయి. కోటప్పకొండ దారిలో విద్యుత్ ప్రభల మీద సినిమాపాటల హోరు. రాత్రంతా సాగిన కచేరీ తాళి కట్టే రెండు నిమిషాలకు కుదించుకుపోయింది. కొన్నిచోట్ల గట్టిమేళాన్ని కూడా సెల్‌ఫోన్‌లోంచి మోగిస్తున్నారు. ఆ రికార్డులో ఊపిరి ఎవరిదో ఎవరూ అడగరు. వాయించినవాడి పేరు అందులో ఉండదు. పేరు లేని చోట అతను ముస్లిం అయి ఉన్నాడా, ఇంకేదైనా అయి ఉన్నాడా అన్న ప్రశ్నే రాదు. పేచీ అలా తీరిపోవడం నాకు ఇష్టం లేదు. పేరుతోనే తీరాలి.